ఎడమ కాలు ముందుకి

జూన్ 3

ఏమే గుసగుసా,

ఈ ఉత్తరం నిలబడి రాస్తున్నాను. కూర్చుంటే కోపం చల్లారిపోతుందేమోనని భయం.

నిన్న మా క్లబ్బు కమిటీ వాళ్లు కూడబలుక్కుని తీర్మానం చేసేశారు. మూడు మట్టి కోర్టుల్లో రెండు మూసేస్తారట. వాటి మీద కప్పు వేసి, చెక్క నేల పరిచి, షటిల్ హాలు కడతారట. ఇరవై రెండేళ్లుగా పొద్దున్నే నేను నీళ్లు చల్లించి, రోలర్ లాగించి, సున్నంతో గీతలు గీయించిన కోర్టులు! సెక్రటరీ వచ్చి, "కాలం మారుతోంది మేడమ్" అన్నాడు. "కాలానికేం, బాగానే ఉంది. మీకే ఎండ పడటం లేదు" అన్నాను. నవ్వాడు. ఆ నవ్వు చూస్తే అర్థమైంది, అసలు సంగతి ఇంకా మిగిలే ఉందని.

ఇకమీదట క్లబ్బుకి ఒక్కరే కోచ్. రెండు ఆటలూ నేర్పగలిగినవాళ్లకే ఆ ఉద్యోగం. నవంబరులో పరీక్ష, బయటివాళ్లూ రావచ్చు. నేను తప్పితే ఉద్యోగంతోపాటు కోర్టు పక్కనున్న నా గదీ పోతుంది. మీ నాన్నకి అప్పుడే కబురందింది. "యాభై మూడేళ్లొచ్చాయి, ఇంకా గెంతులెందుకే? మా ఇంటికొచ్చెయ్, వెనక గది ఖాళీ చేయిస్తాను" అన్నాడు. అన్నయ్య మంచివాడే. కానీ ఆ గదికున్న ఒక్క కిటికీ తెరిస్తే గోడ కనిపిస్తుంది.

నువ్వక్కడ సాయంత్రాలు షటిల్ ఆడుతున్నావని మీ అమ్మ చెప్పింది. పద్నాలుగేళ్లకే నా టెన్నిస్ వదిలేసి పుస్తకాల్లో దూరినదానివి, ఇప్పుడు ఈకల బంతి వెనక పరిగెడుతున్నావా! సరే, ఆ దెబ్బలాట తర్వాత పెట్టుకుందాం. ముందు నాకు ఆ ఆట నేర్పు. మా ఊళ్లో తాడు కట్టుకుని సరదాకి ఆడేవాళ్లే తప్ప పద్ధతి తెలిసినవాళ్లు లేరు. ఉత్తరాల్లోనే నేర్పు, ఫోన్లో వద్దు. ఫోన్లో నువ్వు "ఊఁ", "అలాగే" తప్ప మూడో మాట అనవు. చిన్నప్పుడూ అంతేగా. బంతి గీత దాటి జానెడు అవతల పడినా "అవుట్" అని నీకొక్కదానికే వినిపించేలా అనేదానివి. అవతలివాళ్లు దర్జాగా పాయింటు పట్టుకుపోయేవాళ్లు. కాగితం మీదైతే నీకు నోరుంది.

టెన్నిస్ ఆడినదానికి అదొక లెక్కా? ఆరు వారాలు చాలు.

అత్త

జూన్ 11

అత్తా,

నీ ఉత్తరం రిఫరెన్సు గదిలో చదివాను. రెండుసార్లు నవ్వొచ్చింది. అక్కడ నవ్వకూడదు కాబట్టి దగ్గాను.

ఆరు వారాలు చాలవు.

ముందు ఒక పుస్తకం పంపుదామనుకున్నాను. నేను పనిచేసే లైబ్రరీలో ఈ ఆట మీద బొమ్మలతో ఉన్న పుస్తకం ఒకటే ఉంది. దాన్ని ఎనిమిది నెలల కింద ఒక పళ్ల డాక్టరు తీసుకెళ్లి తిరిగివ్వలేదు. మూడు నోటీసులు పంపాం. పోయిన వారం నా పన్ను చూపించుకోవడానికి వెళ్లి ఆయన్నే అడిగాను. అప్పుడు నా నోరు తెరిచి ఉంది. నా ప్రశ్న ఆయనకి అర్థం కాలేదు, లేదా అర్థం కానట్టున్నారు.

కాబట్టి నేనే రాస్తాను.

నువ్వు అనుకుంటున్నట్టు షటిల్ చిన్న టెన్నిస్ కాదు. టెన్నిస్‌లో నేల నీ పక్షాన ఉంటుంది. బంతిని ఒకసారి ఆపి, పైకి లేపి, నీకు అందిస్తుంది. ఇక్కడ నేల నీకు శత్రువు. నేలని తాకిందంటే అయిపోయినట్టే. పైగా షటిల్ మనిషిలా మాట మారుస్తుంది. బాణంలా బయలుదేరి, సగం దారిలో ఆకులా అయిపోతుంది. అది బాణంగా ఉన్నప్పుడు నువ్వు ఆకు కోసం చూస్తూ నిలబడితే పాయింటు పోయినట్టే. సర్వీసు నడుము కిందనుంచి, పైకి వేయాలి. టెన్నిస్‌లో సర్వీసు ఆయుధం, ఇక్కడ అది ఎదుటివాళ్లని ఆటలోకి పిలవడం మాత్రమే.

మొదటి పాఠం. చేయి కాదు, కాళ్లు. కోర్టు మధ్యలో నిలబడు. నెట్ దగ్గర పడబోయే షటిల్ కోసం రెండు చిన్న అడుగులు, చివర ఒక పొడవాటి అడుగు. ఆ చివరి అడుగు ఎడమ కాలితో, మడమ ముందు ఆనేలా. ఇది ముఖ్యం: షటిల్ ఏ వైపున పడినా చివరి అడుగు ఎడమ కాలిదే. టెన్నిస్‌లోలా వైపుని బట్టి కాలు మార్చకూడదు. నేను ఒక్కొక్క అడుగూ లేచి వేసి చూసుకుని, మళ్లీ కూర్చుని రాస్తున్నాను. పక్క బల్ల దగ్గర పేపరు చదివే ఆయన నన్ను చూసి కుర్చీ కాస్త దూరం జరుపుకున్నారు.

నీ మేనకోడలు

జూన్ 22

గుసగుసా,

నేల నా పక్షాన ఉంటుందా! ఒక్కసారి మే నెల మధ్యాహ్నం మూడింటికి మా రెండో కోర్టులో నిలబడి ఆ మాట అను. గాలికి నువ్వెగరేసిన బంతి నీ నెత్తినే పడుతుంది. సర్వీసు ఒక్కటి కుదరడానికి రెండేళ్లు పడుతుంది. మీ షటిల్ ఏమిటి, మొదటి రోజునే అందరూ ఆడేస్తారు. పెళ్లికొచ్చినవాళ్లు కూడా భోజనాలకి ముందు ఆడేస్తారు. మొదటి రోజే వచ్చేసే ఆట ఎక్కడైనా కష్టమైనదవుతుందా?

సరే, పాఠం మొదలెట్టాను. క్లబ్బు వెనక విరిగిన కుర్చీలు పడేసే పొడవాటి షెడ్డు ఉంది కదా, దాన్ని ఖాళీ చేయించి అయిదడుగుల ఎత్తున తాడు కట్టాను. రోలర్ లాగే పెద్దాయన అవతల నిలబడి షటిల్ విసురుతున్నాడు. పొద్దున నేను చెయ్యి చాచేలోపు ఒకటి పుటుక్కున రాలిపోతే, "అమ్మగారూ, ఇది ఆటా, పిట్టని పట్టడమా?" అన్నాడు. "విసురు, మాట్లాడకు" అన్నాను. "పిట్ట చచ్చిపోయిందమ్మగారూ, ఇంకోటి తీస్తున్నా" అన్నాడు.

నువ్వు చెప్పినట్టే చివరి అడుగు ఎడమ కాలిది. ఫోర్‌హ్యాండ్ వైపు బానే ఉంది, టెన్నిస్‌లోనూ అంతేగా. బ్యాక్‌హ్యాండ్ వైపే తాడు పేనినట్టు మెలిపడిపోతున్నాను. అక్కడా ఎడమ కాలేనా? ఖచ్చితమేనా?

అత్త

జులై 1

అత్తా,

ఖచ్చితం. రెండు వైపులా ఎడమే. మొదట్లో నీ శరీరం ఒప్పుకోదు, నీ టెన్నిస్ అడ్డొస్తుంది. ఓపిక పట్టు.

మొదటి రోజు అందరూ ఆడతారన్న మాట నిజమే. నూరో రోజు చూడు. మా హాల్లో గడియారాలు బాగుచేసే ఆయనొకరు వస్తారు. వయసు అరవై దాటింది. కోర్టు మధ్యనుంచి నాలుగడుగులు కూడా కదలరు. నేను మాత్రం ఆ మూలకీ ఈ మూలకీ పరిగెత్తి గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంటాను. ఆయన అప్పుడు, "అమ్మాయ్, గంటల ముల్లు నేను, సెకన్ల ముల్లు నువ్వు" అంటారు. టెన్నిస్‌లో రెండు దెబ్బల మధ్య ఒక ఆలోచనకి చోటుంటుంది. ఇక్కడ ఆలోచన ముందే పూర్తయి ఉండాలి. నాలాంటి దానికి ఇదెందుకు నచ్చిందో నాకే తెలియదు.

రెండో పాఠం వెనక్కి వెళ్లడం. విడి కాగితం మీద రాసి జతచేశాను. అందులో కూడా ప్రతి అడుగుకీ ఏ కాలో రాశాను.

నీ మేనకోడలు

ఆగస్టు 9

గుసగుసా,

ఓడిపోయాను. రాసిపెట్టుకో, తేదీతో సహా. షటిల్ టెన్నిస్ కన్నా కష్టం.

ఇరవై రెండేళ్లు కోచ్‌ని, పదహారు కప్పులు నా అల్మారా మీద దుమ్ము తింటున్నాయి, ఒక్క పొడవాటి అడుగు నాకు లొంగడం లేదు. నీ ఉత్తరాలు తాడుకే క్లిప్పుతో తగిలించాను. చూస్తాను, చదువుతాను, చేస్తాను. ఎన్నిసార్లు చేసినా నా రాకెట్ షటిల్‌కి అరడుగు ఇవతలే ఆగిపోతోంది. బ్యాక్‌హ్యాండ్ వైపు రెండుసార్లు పడ్డాను. కుడి మోకాలు వాచింది. పెద్దాయన ఇప్పుడు జోకులు కూడా వేయడం లేదు. అది మరీ భయంగా ఉంది.

రెండో అభ్యర్థి ఎవరో తెలిసింది. ఇరవై ఆరేళ్లవాడు, యూనివర్సిటీ జట్టులో ఆడినవాడు. హాలు చూసిపోవడానికి వచ్చి నా కాళ్లకి దండం పెట్టినంత పని చేశాడు. మంచి పిల్లాడు. తిట్టుకోవడానికి కూడా లేకుండా పోయింది.

ఇంత కష్టమైన ఆటని నువ్వు, ఆ పల్చటి మణికట్టుతో, ఎలా నేర్చుకున్నావే? నిజంగా అడుగుతున్నాను.

అత్త

ఆగస్టు 15

అత్తా,

నీ ఉత్తరం చదివి గెలిచినట్టు అనిపించలేదు.

మోకాలు వాచినప్పుడు ఆడకూడదు. డాక్టరుకి చూపించు. పరీక్షకి ఇంకా మూడు నెలలుంది. కావాలంటే మానేసినా ఎవరూ ఏమీ అనుకోరు. వెనక గదికి ఇంకో కిటికీ పెట్టించమని నాన్నకి నేను చెబుతాను.

నీ మేనకోడలు

ఆగస్టు 20

నువ్వు కూడానా?

నేను అడుగు ఎక్కడ తప్పిందో చెప్పమన్నాను. కిటికీ ఎక్కడ పెట్టాలో కాదు. మీ నాన్న గొంతు ఆయన దగ్గరే బాగుంటుంది, నీ నోట బాగాలేదు.

మోకాలు తగ్గింది. షెడ్డుకి వెళ్తున్నాను. ఎడమ కాలు ముందుకి, నువ్వు చెప్పినట్టే.

సెప్టెంబరు 4

అత్తా,

కోపం ఉన్నా ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

మొన్న పళ్ల డాక్టరు పుస్తకం తెచ్చి ఇచ్చారు. క్లినిక్కు బల్లకి ఒక కాలు పొట్టిదట, దాని కింద పెట్టి మరిచిపోయారట. నీకు పంపేముందు తిరగేశాను. పదకొండో పేజీలో నెట్ దగ్గర పొడవాటి అడుగు బొమ్మ ఉంది. అందులో కుడి కాలు ముందుంది. బొమ్మ తిరగబడి అచ్చయిందనుకున్నాను. తర్వాతి పేజీలోనూ కుడి కాలే. అప్పుడు అద్దం దగ్గరికి వెళ్లి రాకెట్ పట్టుకుని నిలబడ్డాను.

అత్తా, నేను ఎడమ చేత్తో ఆడతాను.

రాకెట్ ఏ చేతిలో ఉంటే ఆ కాలే ముందుకి రావాలి. నాకు ఎడమది. నీకు కుడిది. నేను లేచి అడుగు వేసి, ఏ కాలో చూసుకుని, కూర్చుని కుడి చేత్తో రాశాను. నీ చేయి వేరని ఒక్కసారి కూడా తోచలేదు. మూడు నెలలుగా నీ చేత తప్పు కాలు వేయించాను. నీ అరడుగు నేనే తినేశాను. నీ మోకాలి వాపూ నాదే.

ముందే ఎందుకు చెప్పలేదని అడుగుతావు. చెప్పే అలవాటు లేదు. కాన్వెంట్లో సిస్టర్ నా ఎడమ చేతి మీద ఒక్క దెబ్బ కూడా వేయలేదు. పెన్సిల్ తీసి కుడి చేతిలో పెట్టి, నవ్వేది. ప్రతిసారీ నవ్వేది. అంత మంచిగా చేసేదాన్ని వద్దనడం ఎలాగో నాకు తెలియలేదు. ఏడేళ్లప్పుడు మీ కోర్టుకి వచ్చిన మొదటి రోజు నువ్వూ అలాగే రాకెట్ మార్చావు. ఏడేళ్లపాటు కుడి చేత్తో ఆడాను. బంతి నా దగ్గరికి వచ్చిన ప్రతిసారీ దాన్ని ముందు ఇంకో భాషలోకి మార్చుకుని అప్పుడు కొట్టేదాన్ని. ఎండకి భయపడి మానేశానని నువ్వు అందరికీ చెప్పావు. నేను కాదనలేదు.

ఈ ఊరొచ్చాక, మా హాల్లో మొదటి రోజు ఎవరో రాకెట్ విసిరి "పట్టుకో" అన్నారు. ఎడమ చేత్తో పట్టుకున్నాను. ఎవరూ వచ్చి మార్చలేదు.

అందుకే షటిల్ నాకు వచ్చింది. అది ఏ ఆట కన్నా సులువనీ కాదు, కష్టమనీ కాదు. మనం ఇన్ని ఉత్తరాల్లో పోట్లాడుకున్నది లెక్కలోకి రాదు. నువ్వు షటిల్ తప్పు కాలితో ఆడావు, నేను టెన్నిస్ తప్పు చేత్తో ఆడాను. ఏది కష్టమో మనిద్దరికీ తెలియదు.

పుస్తకం విడిగా పంపుతున్నాను. క్షమించు.

గుసగుస

సెప్టెంబరు 24

అత్తా,

పుస్తకం అందిందా? నీ దగ్గరనుంచి ఉత్తరం లేదు. క్లబ్బుకి ఫోను చేశాను. పెద్దాయన ఎత్తి, "అమ్మగారు షెడ్డులో ఉన్నారు, ఎవరితోనూ మాట్లాడరంట" అన్నారు. నేను "అలాగే" అని పెట్టేశాను.

ఎదురుచూస్తున్నాను.

గుసగుస

అక్టోబరు 5

పిల్లా,

పుస్తకం అందింది. పదకొండో పేజీ మీద బల్ల కాలు గుర్తు గుండ్రంగా పడి ఉంది. ఉత్తరం కూడా అందింది. మాట్లాడకపోవడం నీ మీద కోపంతో కాదు. నా మీద నాకు కోపం వస్తే ఎలా రాయాలో తెలియదు, ఎప్పుడూ అవసరం పడలేదు.

ఆ రోజు నాకు గుర్తుంది. చారల గౌను వేసుకొచ్చావు. రాకెట్ నీ కన్నా పొడుగ్గా ఉంది. ఎడమ చేత్తో పట్టుకున్నావు. తీసి కుడి చేతిలో పెట్టాను. ఒక్క మాట అడగలేదు. అడిగేంత పెద్ద విషయం అనిపించలేదు. నీళ్లు చల్లమని చెప్పి వేరే పిల్లల వైపు తిరిగాను. ఇరవై రెండేళ్లలో ఇంకెంతమంది చేతులు అలా మార్చానో గుర్తు తెచ్చుకుంటూ ఉండిపోయాను. ముగ్గురు తేలారు. నలుగురేమో.

ఎండకి భయపడ్డావని ఊరంతా చెప్పిందీ నేనే. అది నిజం కాదని ఇప్పుడు ఊరంతా తిరిగి చెప్పలేను గానీ, సెక్రటరీకి చెప్పాను. ఆయన నీ సంగతి అడగలేదు పాపం. అయినా చెప్పాను.

ఇక పాఠం. నీ ఉత్తరం అందిన సాయంత్రమే కుడి కాలు ముందుకేశాను. షటిల్ రాకెట్ మధ్యలో పడింది. "టప్" మని. ఆ చప్పుడు మూడు నెలల్లో మొదటిసారి విన్నాను. పెద్దాయన అవతలనుంచి, "పిట్ట దొరికిందమ్మగారూ!" అని అరిచాడు. ఆగస్టు తొమ్మిదిన రాసిచ్చిన ఓటమిని వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కాగితం చింపెయ్.

మిగిలింది ఆరు వారాలు. ఆరు వారాలు చాలని మొదటే అన్నాను చూశావా!

ఒక్క షరతు మీదే క్షమిస్తాను. ఇకనుంచి నాకు ఎడమ చేత్తో ఉత్తరం రాయి. కోడి గీకినట్టున్నా పర్వాలేదు.

అత్త

నవంబరు 18

గుసగుసా!

కూర్చో. నేనూ కూర్చునే రాస్తున్నాను, చల్లారిపోవడానికి ఈసారి కోపం లేదు.

పరీక్ష నిన్న కొత్త హాల్లో జరిగింది. ఇంకా వార్నిష్ వాసన పోలేదు. పరీక్షకులు ఇద్దరు: పొడుగాటి ఆవిడొకరు, మెడలో విజిల్ వేసుకున్న ఆయనొకరు. మొదట కాగితం పరీక్ష. కోర్టు కొలతలు, నియమాలు. అది నీ పుణ్యాన నల్లేరు మీద బండి. తర్వాత ఆడి చూపించడం. అందులో కుర్రాడు నన్ను తుక్కుతుక్కు చేశాడు, దాచను. అతనికి పదిహేను పాయింట్లు, నాకు ఆరు. ఆ ఆరూ నెట్ దగ్గరే, కుడి కాలు పొడవాటి అడుగుతో. కుర్రాడు నెట్ కిందనుంచి చెయ్యి కలిపి, "మేడమ్, ఆ అడుగు ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు. "పోస్టులో" అన్నాను.

చివరిది నేర్పే పరీక్ష. దానికే సగానికి పైగా మార్కులు. ముందెప్పుడూ చూడని ముగ్గురు పిల్లలు. ఇద్దరం ఒక్కొక్కరికీ పదేసి నిమిషాలు నేర్పాలి. మొదటి ఇద్దరితో కుర్రాడూ బాగా చెప్పాడు, నేనూ చెప్పాను. మూడోది ఎనిమిదేళ్ల పిల్ల. లోపలికొచ్చింది, బల్ల మీద రాకెట్ తీసుకుంది. ఎడమ చేత్తో.

నాకు నీ చారల గౌను గుర్తొచ్చింది.

ముందు కుర్రాడి వంతు. రాకెట్ మార్చలేదు, అది అతని మంచితనం. కానీ అతని కాళ్లు కుడివాటం. నెట్ వైపు తిరిగి, "నన్ను చూడు, నేను చేసేదానికి తిరగేసి చెయ్" అన్నాడు. ఆ పిల్ల ఒక అడుగేస్తుంది, ఆగి తన పాదాలు చూసుకుంటుంది, అతని పాదాలు చూస్తుంది, ఇంకో అడుగేస్తుంది. ఈలోపు షటిల్ కింద. పది నిమిషాల్లో ఒక్కటి కూడా అందలేదు. చివరికి ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? రాకెట్ కుడి చేతిలోకి మార్చుకుంది. ఎవరూ చెప్పలేదు. తనే. నోరెత్తకుండా.

నా వంతు వచ్చింది. దగ్గరికెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాను. "ఏ చెయ్యమ్మా నీది?" అని అడిగాను. చూసింది. రాకెట్ వెనక్కి దాచుకుంది. మళ్లీ అడిగాను. నాకు తొందరేం లేదు, పది నిమిషాలూ అడుగుతాను అనుకున్నాను. కాసేపటికి, "ఇది" అని ఎడమ చెయ్యి కొంచెం ఎత్తింది.

"అయితే అందులోనే పెట్టుకో" అన్నాను. నా రాకెట్ నా ఎడమ చేతిలోకి తీసుకున్నాను. ఆ పిల్ల పక్కన, ఒకే వైపు తిరిగి నిలబడి, రెండు చిన్న అడుగులు, ఒక పొడవాటి అడుగు. ఎడమ కాలు ముందుకి, మడమ ముందు ఆనేలా.

గుసగుసా, మూడు నెలలు! మూడు నెలలు నువ్వు నా చేత వేయించిన తప్పు అడుగు! ఎడమ చేతిలో రాకెట్ ఉండగానే అది తప్పు కాకుండా పోయింది. కాళ్లు నూనె రాసినట్టు వెళ్లిపోయాయి. ఆలోచించనే లేదు. ఎడమ చేత్తో షటిల్ కొట్టలేను, నాలుగు విసిరితే మూడు గాల్లో ఊపాను. అయితేనేం, కాళ్లు కాళ్లే. ఆ పిల్ల నా పాదాల పక్కన తన పాదాలు పెట్టి నడిచింది, తిరగేసుకోనక్కర్లేకుండా. నాలుగో నిమిషానికి "టప్" మంది. ఏడో నిమిషానికి వరసగా అయిదు. పదో నిమిషానికి విజిల్ ఊదితే, "ఇంకొక్కటి" అంది. హాలంతా వినపడేలా అంది.

పొడుగాటి ఆవిడ లేచొచ్చి, "మీరు ఎడమచేతి వాటమా?" అని అడిగింది.

"కాదండీ, మా మేనకోడలు" అన్నాను.

ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. విజిల్ ఆయన చివరి ప్రశ్న వేశాడు: "మీరు రెండూ నేర్పుతారు కదా. టెన్నిసా, షటిలా, ఏది కష్టం?" నా గురించి నీకు తెలుసుగా, జూన్‌లో అయితే గంట ఉపన్యాసం ఇచ్చేదాన్ని. "టెన్నిస్ మొదటి రోజు ఏడిపిస్తుంది, షటిల్ నూరో రోజు ఏడిపిస్తుంది. కానీ ఏదైనా ఇంకొకళ్ల చేత్తో ఆడటమే అన్నిటికన్నా కష్టం" అన్నాను.

సాయంత్రం నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. ఒకే పేరు. నాది. పెద్దాయన చదవమంటే మూడుసార్లు చదివి వినిపించాను. కుర్రాడు వచ్చి, వారానికి రెండు రోజులు నాకు సహాయంగా వస్తానన్నాడు. రమ్మన్నాను. వాడి స్మాష్ నాకు కావాలి.

మీ నాన్నకి ఫోను చేశాను. "వెనక గది సామాన్లకి వాడుకో అన్నయ్యా" అన్నాను. "చిన్నప్పుడూ ఇంతే, నీతో గెలవలేం" అని నవ్వాడు.

ఆదివారం రా. మిగిలిన ఒక్క మట్టి కోర్టుకి నీళ్లు చల్లిస్తాను.

మీ కోచ్ అత్త

నవంబరు 24

అత్తా,

ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను. నెమ్మదిగా వస్తోంది. అందుకే చిన్న ఉత్తరం.

నీ ఉత్తరం రిఫరెన్సు గదిలో చదివాను. ఈసారి దగ్గలేదు. నవ్వాను. కుర్చీ జరుపుకునే ఆయన తలెత్తి చూసి, తనూ నవ్వారు.

ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. నా రాకెట్ తెచ్చుకోవడం లేదు. ఏడేళ్లప్పుడు నువ్వు నాకిచ్చినది ఉంటే తీసి ఉంచు.

గుసగుస

డిసెంబరు 1

ఓ అమ్మాయ్,

నువ్వు బస్సెక్కి వెళ్లి నాలుగు రోజులైంది. పెద్దాయన రోజూ అదే అడుగుతున్నాడు, "చిన్నమ్మగారు మళ్లీ ఎప్పుడొస్తారు?" అని. ఇరవై రెండేళ్లలో నేను సెట్టు పోగొట్టుకోవడం ఆయన చూసింది తక్కువ. బాగా నచ్చినట్టుంది.

నీ సర్వీసు అధ్వాన్నం. అది కుదరడానికి రెండేళ్లు పడుతుందని చెప్పనే చెప్పాను. కానీ ఆ ఎడమచేతి ఫోర్‌హ్యాండ్, నా బ్యాక్‌హ్యాండ్ మూలకి వంపు తిరిగి దూరమైపోయే ఆ దెబ్బ, అది నేను నేర్పింది కాదు. ఏడేళ్లు నా కోర్టులోనే నిలబడి నాకు కనపడకుండా దాక్కుంది. దాన్ని చూశాక ఆట ఆపి కళ్లు తుడుచుకున్నాను. గాలికి సున్నం కంట్లో పడిందని చెప్పాను కదా. గాలి లేదు ఆ రోజు.

ఒక్క సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. ఆఖరి పాయింటు దగ్గర నేను కొట్టిన బంతి నీ వెనక గీత దగ్గర పడింది. నువ్వు చెయ్యెత్తి "అవుట్!" అని అరిచావు. క్లబ్బు వరండాలో టీ తాగుతున్నవాళ్లు కప్పులు దించారు. సెక్రటరీ కిటికీలోంచి తల బయటపెట్టాడు. గోడ మీది పావురాలు లేచిపోయాయి. నువ్వే ఉలిక్కిపడి చేత్తో నోరు మూసుకున్నావు. నేను నెట్ దగ్గరికొచ్చి చెయ్యి కలిపాను. సెట్టు నీది.

నువ్వు మొహం కడుక్కోవడానికి వెళ్లినప్పుడు ఆ గీత దగ్గరికి వెళ్లి చూశాను. మట్టి కోర్టు అబద్ధం చెప్పదు. బంతి గుర్తు స్పష్టంగా ఉంది. సగానికి పైగా గీత మీదే, అంటే లోపలే.

కాలితో చెరిపేశాను. ఎడమ కాలితో.

అత్త